ఆట చూడబోతే ఆకలి సంగతేమిటి?



"కుటుంబ పత్రికలో క్రికెట్టు సంగతులెందుకు అయ్యగారూ?" అని మా సంఘంలో ఒక పెద్దమ్మగారు అడిగారు. తీసిపారేయవలసిన మాట కాదు. అయితే ఆమె మనవలిద్దరూ, మనవరాలూ ఈ రెండేళ్ళలో మూడుసార్లు స్టేడియం మెట్లెక్కి వచ్చారు. తిరువూరు నుంచి విజయవాడ సుమారు డెబ్బై అయిదు కిలోమీటర్లు. హైదరాబాదుకైనా విశాఖకైనా ఒక రాత్రి ప్రయాణం. మన పిల్లలకు అది ఇప్పుడు దూరం కాదు. ఆట చూడడం తగునా తగదా అన్న చర్చ ఇక్కడ పెట్టబోవడం లేదు. దానికి వేరే పేజీలున్నాయి, వేరే కలహాలున్నాయి. వెళ్ళేవారు వెళ్తున్నారు. వెళ్ళినవారు ఆరేడు గంటలు అక్కడే కూర్చుంటున్నారు. ఆ ఆరేడు గంటల్లో ఏం తింటున్నారు, ఎప్పుడు కొంటున్నారు, ఎంత ఖర్చు పెడుతున్నారు, ఎవరు తినకుండా ఉండిపోతున్నారు అన్నది మాత్రం అచ్చంగా కుటుంబ సంగతే.

ఇది నేను పుస్తకాల్లో నేర్చుకున్నది కాదు. కొన్నేళ్ళ క్రితం మా యవనస్థులను, ఇద్దరు సంఘ పెద్దలను వెంటబెట్టుకుని, మొత్తం పద్నాలుగు మందిమి ఒక పట్నంలో వన్డే మ్యాచికి వెళ్ళాం. ఆ స్టేడియం పేరు ఇక్కడ అక్కర్లేదు. తప్పు చాలావరకు మాదే.

తెల్లవారుజామున మా ఇంట్లో పులిహోర కలిపాం. ముప్ఫై కోడిగుడ్లు ఉడకబెట్టాం. బిస్కెట్లు, అరటిపళ్ళు, నీళ్ళ సీసాలు సర్దుకున్నాం. మధ్యాహ్నం పన్నెండు దాటాక గేటు దగ్గరికి చేరేసరికి అక్కడి కుర్రవాడు సంచి విప్పి చూసి, "ఇవేవీ లోపలికి రావండి" అన్నాడు. టికెట్టు వెనక సన్నని అక్షరాల్లో ఆ మాట రాసే ఉంది. పద్నాలుగు టికెట్లు వారం రోజులు నా బైబిలులో పెట్టుకుని తిరిగానే గాని ఒక్కటైనా తిప్పి చదవలేదు. వెనక తోసుకొస్తున్న జనం. ఆట మొదలవబోతోందన్న ఆత్రం. సంచులన్నీ గేటు పక్కన ఒక గోడవార పెట్టేసి లోపలికి వెళ్ళిపోయాం. అరగంట ముందు వచ్చి ఉంటే ఆ చెట్టు కింద కూర్చుని హాయిగా తిని వెళ్ళేవాళ్ళం. ఆ బుద్ధి అప్పుడు పుట్టలేదు.

లోపల మొదటి గంటలోనే పిల్లల జేబులు ఖాళీ అయ్యాయి. ఎండ మండుతోంది, ఎదురుగా కూల్ డ్రింకులు తిరుగుతున్నాయి. బయట ఇరవై రూపాయలుండే నీళ్ళ సీసా అక్కడ యాభై అన్నారు. చిప్సు పొట్లాలు, ఐస్‌క్రీములు, మళ్ళీ చిప్సు. మూడు గంటలకల్లా ఎవరి దగ్గరా డబ్బు లేదు. కడుపులో అన్నమూ లేదు.

మా సంఘ పెద్దల్లో ఒకరికి షుగరు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, పద్ధతిగా మందులు వాడతారు. ఉదయం ఏడింటికి రెండు ఇడ్లీలు తిని మాత్ర వేసుకున్నారు. "మధ్యాహ్నం భోజనం గేటు దగ్గరే పోయింది గదా, ఆట మధ్యలో విరామం ఇస్తారటగా, అప్పుడు తింటాలే" అన్నారు. విరామం అయిదింటికి. నాలుగున్నర దాటాక ఆయన చొక్కా తడిసి ముద్దయింది. ఎండ అనుకున్నాం. చేతులు వణుకుతున్నాయి. నీరసం అనుకున్నాం. "మన బస్సు వెళ్ళిపోతోంది, లేవండి" అని పొంతన లేని మాట ఒకటి అన్నారు. అప్పటికి గాని నాకు భయం తెలియలేదు. ఇద్దరు కుర్రాళ్ళు తినుబండారాల కౌంటరు వైపు పరుగెత్తారు. అదే క్షణంలో ఇన్నింగ్స్ ముగిసింది. స్టేడియం స్టేడియమంతా లేచి ఆ కౌంటరు వైపే నడిచింది. వరస కదలదు. మా వాళ్ళు ఎంత బతిమాలినా ముందున్నవారికి ఆ గోలలో వినబడదు.

మా కింది వరసలో ఒక తల్లి పిల్లవాడితో కూర్చుని ఉంది. ఆమె వెనక్కి తిరిగి ఆయన ముఖం చూసి, "షుగరు ఉందా వీరికి?" అని అడిగి, పిల్లవాడి చేతిలోని మామిడి రసం డబ్బా తీసి ఆయన నోటికి అందించింది. పావుగంటలో మనిషి మామూలు మనిషయ్యారు. ఆ తల్లి ఎవరో, ఏ మతమో, ఏ ఊరో నాకు తెలియదు. ఆ పిల్లవాడు మాత్రం తన రసం పోయిందని ఏడ్చాడు. వాడికి ఇంకొకటి కొనిపెట్టడానికి మా పద్నాలుగు మంది దగ్గర డబ్బు లేదు.

అంతటితో అయిపోలేదు. మాతో వచ్చినవారిలో పద్దెనిమిదేళ్ళ కుర్రవాడొకడున్నాడు. మామిడి తోటల్లో కాయ కోతకు వెళ్తాడు. మిగిలినవాళ్ళు తింటున్నప్పుడు వాడిని అడిగితే, "ఈ రోజు ఉపవాసం అయ్యగారూ" అన్నాడు. నేను ఎంతో సంతోషించాను. అందరి ముందూ మెచ్చుకున్నాను కూడా. తిరుగు దారిలో బస్సు ఒక హోటలు దగ్గర ఆగింది. నలుగురు డబ్బులు వేసుకుని అందరికీ ఇడ్లీ చెప్పారు. వాడు తల ఎత్తకుండా మూడు ప్లేట్లు తిన్నాడు. ఉపవాసం కాదు. టికెట్టు కొన్నాక వాడి జేబులో మిగిలింది అరవై రూపాయలు, అందులో నలభై ఊరికి చేరడానికి. ఆ మెచ్చుకోలు తలచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంటుంది.

ఆ తర్వాతి ఆదివారం నేను ముందుగా సిద్ధపరచుకున్న వర్తమానం పక్కనపెట్టి కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక తెరిచాను. ఆ పత్రికలో ఒక విచిత్రం ఉంది. ఎనిమిదో అధ్యాయం తిండి గురించి. పదో అధ్యాయంలో మళ్ళీ తిండి, అంగడిలో మాంసం కొనడం గురించి. ఆ రెంటి మధ్య, తొమ్మిదో అధ్యాయం చివర పౌలు స్టేడియం మాట ఎత్తుతాడు. తెలుగులో పందెపు రంగమని తర్జుమా చేసిన చోట గ్రీకు మూలంలో ఉన్న మాట 'స్టాడియోన్'. మనం ఇప్పుడు అంటున్నది ఆ మాటే. కొరింథుకు దగ్గరలోనే ఇస్త్మియ అనే చోట రెండేళ్ళకొకసారి ఆటలు జరిగేవి. గెలిచినవాడికి దేవదారు జాతి ఆకులతోనో ఎండిన కూరాకుతోనో అల్లిన కిరీటం పెట్టేవారు. వాడిపోయే కిరీటమని పౌలు అనడం అందుకే. ఆ ఉత్సవానికి వచ్చిన జనం డేరాల్లో దిగేవారు; పౌలు డేరాలు కుట్టే పని చేసినవాడు. ఆ జనం ఏం తిన్నారో, ఎంతకు కొన్నారో పత్రికలో లేదు గాని, పదకొండో అధ్యాయానికి వచ్చేసరికి ప్రభువు బల్ల దగ్గర ఒకడు ఆకలితో ఉంటే మరొకడు తాగి మత్తుడవుతున్నాడని పౌలు మందలిస్తాడు. నాకు ఆ కుర్రవాడి మూడు ప్లేట్ల ఇడ్లీ గుర్తొచ్చింది.

స్టేడియంలో తిండి కొత్తదేమీ కాదు. రోములో కొలోసియం కింది మురుగు కాలువలు తవ్వినప్పుడు ప్రేక్షకులు తిని పారేసిన అంజూరపు గింజలు, ద్రాక్ష, ఆలివు, పుచ్చ గింజలు, పప్పుల పెంకులు బయటపడ్డాయని 2022 నవంబరులో పత్రికల్లో వచ్చింది. రెండు వేల ఏళ్ళ నాటి చిరుతిండి! అక్కడ ప్రాణాలు పోతుంటే పైన కూర్చుని పళ్ళు తిన్నారన్నమాట. సరే, అది వేరే సంగతి.

మా సంఘంలో ఆ ఏడాది నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాం. మీలో ఎవరైనా పిల్లలను పంపేటప్పుడు పనికివస్తుందని రాస్తున్నాను.

ఎప్పుడు కొనాలి?

స్టేడియంలో తిండికి ధర ఎంత ముఖ్యమో వేళ అంత ముఖ్యం. ఆటకు ఒక లయ ఉంటుంది. అది తెలిస్తే వరసలో నిలబడే పని సగం తప్పుతుంది.

వన్డేలో ఒక్కో జట్టుకు 50 ఓవర్లు. ఒక ఇన్నింగ్స్‌కు సుమారు మూడున్నర గంటలు పడుతుంది. రెండు ఇన్నింగ్స్‌ల మధ్య విరామం మామూలుగా అరగంట. ఆ అరగంటలోనే వేలాది మందికి ఆకలి వేస్తుంది, వేలాది మందికి మరుగుదొడ్డి గుర్తొస్తుంది. కాబట్టి విరామంలో కొనాలనుకున్నవాడు విరామమంతా వరసలోనే గడుపుతాడు. నేను చూసినంతలో మంచి వేళలు రెండు. ఒకటి, మొదటి ఇన్నింగ్స్ 32 నుంచి 38 ఓవర్ల మధ్య. చివరి పది ఓవర్లు ఎవరూ వదులుకోరు. అంతకుముందు కొంచెం మందకొడిగా ఉంటుంది, కౌంటరు దగ్గరా పలచగా ఉంటుంది. రెండోది, రెండో ఇన్నింగ్స్ మొదలై ఇరవై నిమిషాలు గడిచాక. కౌంటరువాడు ఊపిరి పీల్చుకుని, కొత్త వాయి వేస్తున్న వేళ అది. మధ్యలో ఆటగాళ్ళు నీళ్ళు తాగే విరామాలు చిన్నవి, వాటిని నమ్ముకుని లేవకండి.

ఇరవై ఓవర్ల ఆట వేరు. ఒక్కో ఇన్నింగ్స్ సుమారు గంటన్నర, మధ్య విరామం మామూలుగా ఇరవై నిమిషాలు. ఐపీఎల్‌లో టైమవుట్ అని ఇస్తారే, అది రెండున్నర నిమిషాలే; మెట్లు దిగేసరికి అయిపోతుంది. సాయంత్రం ఏడున్నరకు మొదలయ్యే ఆటకు ఆరింటికే కడుపునిండా తిని వెళ్ళడం ఉత్తమం. లోపల నీళ్ళు తప్ప ఏమీ కొనకపోయినా ప్రాణం పోదు. కబడ్డీ అయితే చెప్పనే అక్కర్లేదు. ఇరవై నిమిషాల చొప్పున రెండు సగాలు, మధ్యలో అయిదు నిమిషాలు. 2025 ఆగస్టు 29న ప్రో కబడ్డీ పన్నెండో సీజను విశాఖలోనే మొదలైంది కాబట్టి మనవారికి అదీ తెలియాలి.

ఎండ వేళ మొదలయ్యే ఆటలో మొదటి గంటే ప్రమాదకరం. అప్పుడు వేసేది ఆకలి కాదు, దాహం. దాహాన్ని కూల్ డ్రింకుతో తీర్చబోతే 300 మిల్లీలీటర్ల సీసాలో ఏడెనిమిది చెంచాల చక్కెర లోపలికి పోతుంది, దాహం తీరదు, డబ్బు పోతుంది. ముందు నీళ్ళు. ఉచితంగా తాగే నీళ్ళు ఎక్కడున్నాయో లోపలికి అడుగు పెట్టగానే అడిగి తెలుసుకోండి. నీళ్ళ విలువ మనకు ఒకరు చెప్పాలా? పక్కనున్న ఎ.కొండూరు మండలం తండాల్లో మూత్రపిండాల జబ్బుతో ఎన్ని కుటుంబాలు నలిగిపోయాయో చూస్తూనే ఉన్నాం. ఆ జబ్బున్నవారు ఇంట్లో ఉన్నట్లయితే స్టేడియంలో అమ్మే ఉప్పు చిప్సు, ఉప్పు పల్లీల జోలికి పోనివ్వకండి. నీళ్ళు కూడా డాక్టరు చెప్పిన కొలత ప్రకారమే.

షుగరుకు మాత్రలో ఇంజక్షనో వాడేవారి సంగతి విడిగా చెప్పాలి. వారి భోజన వేళ ఆటను బట్టి జరపకూడదు. చెమట, వణుకు, విపరీతమైన ఆకలి, గుండెదడ, తికమక మాటలు కనిపిస్తే ఎండ అనుకుని గాలి విసురుతూ కూర్చోవద్దు. వెంటనే మూడు చెంచాల చక్కెరంత తీపి ఇవ్వాలి: చక్కెర నీళ్ళు, పళ్ళరసం, గ్లూకోజు ఏదైనా సరే. చక్కెర లేని డైట్ పానీయాలు పనికిరావు. పావుగంట చూసి తగ్గకపోతే మళ్ళీ అంతే ఇచ్చి, తర్వాత ఏదైనా తినిపించాలి. స్పృహ తప్పినవారి నోట్లో మాత్రం ఏదీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 108కు ఫోను చేయండి, స్టేడియంలో ఉండే వైద్య సిబ్బందిని పిలవండి. డాక్టరు చీటీ, మాత్రలు, నాలుగు గ్లూకోజు బిళ్ళలు జేబులో పెట్టుకుని, గేటు దగ్గర దాచకుండా చూపించి, జబ్బు సంగతి చెప్పండి. చీటీ చూపించి చెప్పినవారి మాట గేటు దగ్గరివారు వింటారు.

ఏం కొనాలి?

అంగడిలో అమ్మే మాంసం విషయంలో మనస్సాక్షి నిమిత్తం విచారణ చేయనక్కర్లేదన్నాడు పౌలు. మనస్సాక్షి నిమిత్తం సరే గాని, కడుపు నిమిత్తం మాత్రం ఒక్క ప్రశ్న అడగండి: "ఇది ఎప్పుడు చేసింది బాబూ?"

స్టేడియంలో అమ్మే భోజనం చాలావరకు అక్కడ వండినది కాదు. బయట ఎక్కడో పొద్దున వండి, డబ్బాల్లో పెట్టి తెస్తారు. వండిన పదార్థం చేయి కాలేంత వేడిగా, అంటే 60 డిగ్రీలకు పైన ఉండాలి. లేదా బాగా చల్లగా, 5 డిగ్రీల లోపు ఉండాలి. ఆ మధ్యన గోరువెచ్చగా రెండు గంటలకు మించి ఉన్నదాన్ని నమ్మకూడదు. అన్నంలో పెరిగే ఒక రకం సూక్ష్మజీవి వదిలే విషం తిరిగి వేడి చేసినా పోదు. అందుకే సాయంత్రం ఆరింటికి గోరువెచ్చగా చేతికొచ్చే బిర్యానీ డబ్బా కంటే కళ్ళెదుట నూనెలోంచి తీసిన మిరపకాయ బజ్జీ నయం. బజ్జీ ఆరోగ్యమని కాదు నేననేది. విషం కాదంటున్నాను. ఆ నూనె కూడా చూడండి. నల్లబడి, నురగ కట్టి, పొగలు చిమ్ముతుంటే దండం పెట్టి పక్కకు జరగండి. మళ్ళీ మళ్ళీ కాచిన నూనెకు 2018 జులై 1 నుంచి ప్రభుత్వం ఒక హద్దు పెట్టింది. ఆ హద్దు కొలిచే యంత్రం మన దగ్గర ఉండదు, కళ్ళుంటాయి. అచ్చు కాగితంలో చుట్టి ఇస్తే ఆకులోనో పళ్ళెంలోనో ఇమ్మనండి. సిరాలోని రసాయనాలు వేడి నూనెకు అంటుకుంటాయని 2016 డిసెంబరులోనే ఆహార భద్రతా సంస్థ హెచ్చరించింది.

కోసి పెట్టిన పళ్ళు, పచ్చి చట్నీ, ఐసు ముక్కలు వేసిన రసాలు, ఈ మూడూ స్టేడియంలో వద్దు. బర్గర్లలో పూసే తెల్లటి మయొనైజు సంగతి పిల్లలకు చెప్పండి. పచ్చి గుడ్డుతో చేసే మయొనైజును తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30న ఏడాది పాటు నిషేధించవలసి వచ్చింది. తొక్క ఉన్న అరటిపండు, పెంకు ఉన్న ఉడికిన పల్లీలు, అప్పుడే వేయించిన పేలాలు, మూత బిగువుగా ఉన్న నీళ్ళు, తయారీ తేదీ ఉన్న బిస్కెట్టు పొట్లం దొరికితే అదే విందు. ఇంట్లో నుంచి తెచ్చుకుని గేటు బయట తినేటట్లయితే పులిహోరను మించింది లేదు. చింతపండు పులుపు అన్నాన్ని కొంతవరకు కాపాడుతుంది. మన అమ్మమ్మలు రైలు ప్రయాణానికి అదే ఎందుకు కట్టారో ఇప్పుడు తెలుస్తోంది.

ధర సంగతి క్లుప్తంగా. సీసా మీద, పొట్లం మీద ముద్రించిన గరిష్ఠ ధరలో పన్నులన్నీ కలిసే ఉంటాయి. ఒకే సరుకుకు బయట ఒక ధర, స్టేడియంలోపల వేరే ధర ముద్రించడం 2018 జనవరి 1 నుంచి కుదరదు. హోటళ్ళలో కూర్చోబెట్టి వడ్డించేటప్పుడు ముద్రించిన ధరకు మించి తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2017 డిసెంబరులో చెప్పింది. కౌంటరు మీద చేతికిచ్చే సీసాకు మాత్రం ముద్రించిన ధరే అడగండి, రసీదు తీసుకోండి. పోట్లాట వద్దు. వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోను చేయవచ్చు. బయటి తిండిని ఆపే హక్కు సినిమా హాళ్ళకు ఉందని, అయితే తాగే నీళ్ళు ఉచితంగా ఇవ్వాలని, పసిపిల్లలకు తెచ్చుకున్న ఆహారాన్ని అనుమతించాలని 2023 జనవరి 3న సుప్రీంకోర్టు చెప్పింది. అది హాళ్ళ గురించి. స్టేడియం నియమాలు టికెట్టు మీద ఉంటాయి. చదవండి. నాలాగా బైబిలులో దాచిపెట్టుకుని ఊరుకోకండి.

సంచి ఎవరి చేతిలో?

మా పద్ధతిలో అన్నిటికంటే కష్టపడి నిలబెట్టుకున్నది ఉమ్మడి సంచి. వెళ్ళే ముందు రోజు ప్రార్థన కూడిక అయ్యాక ఎవరికి వీలైనంత వారు ఒక కవరులో పెట్టి ఇస్తారు. కవరు మీద పేరు రాయరు. ఎవరు ఎంత వేశారో నాకూ తెలియదు. లోపల కొనేదంతా ఆ సంచిలోంచే, అందరికీ ఒకటే. సొంత డబ్బుతో విడిగా కొనుక్కుని పక్కవాడి ముందు తినకూడదు. మొదట్లో కొందరు తల్లిదండ్రులకు ఇది నచ్చలేదు. "మా వాడు ఐస్‌క్రీము తింటే తప్పేమిటండీ?" అన్నారు. తప్పు కాదు. తినేవాడి పక్కన కూర్చుని ఉపవాసమని చెప్పినవాణ్ణి నేను చూశాను, అంతే. సంచి మోసేవారిని ఏటా మారుస్తాం. శిష్యుల్లో సంచి ఎవరి చేతిలో ఉండేదో మీకు గుర్తుండే ఉంటుంది.

అయిదు వేల మందికి భోజనం పెట్టవలసి వచ్చినప్పుడు ఫిలిప్పు లెక్క వేశాడు. రెండు వందల దేనారాల రొట్టెలు కూడా చాలవన్నాడు. దేనారం అంటే ఒక కూలివాని రోజు కూలి. అంటే రెండు వందల రోజుల కష్టం. ఫిలిప్పును విశ్వాసం లేనివాడని ప్రసంగాల్లో చాలాసార్లు తిట్టాం, నేనూ తిట్టాను. పద్నాలుగు మందిని తీసుకువెళ్ళి వచ్చాక ఆయన మీద నాకు గౌరవం పెరిగింది. లెక్క వేసినవాడాయన ఒక్కడే. ప్రభువు కూడా జనాన్ని తోసుకోనివ్వలేదు. పచ్చిక మీద వందేసి మందిని, యాభైయేసి మందిని పంక్తులుగా కూర్చోబెట్టాడు, మిగిలిన ముక్కలు ఏరించాడు.

2025 అక్టోబరులో విశాఖ పి.ఎం.పాలెం స్టేడియంలో మహిళల ప్రపంచ కప్ ఆటలు జరిగాయి. లీగు ఆటల టికెట్లు వంద రూపాయల నుంచి మొదలయ్యాయి. మా ఆడపిల్లలు పట్టుబట్టారు. కడప జిల్లా ఎర్రగుంట్ల ప్రాంతపు శ్రీచరణి భారత జట్టులో ఉంది మరి. ఆస్ట్రేలియాతో ఆట 12వ తేదీ, ఆదివారం. దానికి వెళ్ళేది లేదని తేల్చి చెప్పాను. 2002 నవంబరు 24న మన విజయవాడ ఇందిరాగాంధీ స్టేడియంలో భారత్, వెస్టిండీస్ వన్డే జరిగింది. అదీ ఆదివారమే. ఆ రోజు నేను ఆరాధనలో కూర్చుని ఉన్నాను. మనసు ఎక్కడుందో దేవునికి తెలుసు. వెస్టిండీస్ 135 పరుగుల తేడాతో గెలిచిందని తెలిశాక వెళ్ళనందుకు బాధ కొంత తగ్గింది. అందుకని పిల్లల బాధ నాకు తెలియనిది కాదు. 9వ తేదీ గురువారం దక్షిణాఫ్రికాతో ఆట ఉంది. దానికి వెళ్దామన్నాను.

పదకొండు మందిమి. విజయవాడ దాకా బస్సు, అక్కడి నుంచి రైలు. స్టేడియానికి కొంచెం ఇవతలే ఒక నీడ చూసుకుని, ఒంటిగంటన్నరకు పులిహోర, గుడ్లు తిన్నాం. ఖాళీ డబ్బాలు ఆ వీధిలోనే మాకు తెలిసిన ఒక విశ్వాసి ఇంట్లో పెట్టి, చేతులూపుకుంటూ గేటు దాటాం. మూడింటికి మొదలు కావలసిన ఆట వాన వల్ల గంట ఆలస్యమైంది. పాత రోజులైతే ఆ గంటలోనే సంచి సగం ఖాళీ అయ్యేది. కడుపులు నిండి ఉన్నాయి కనుక పిల్లలు పాటలు పాడుకుంటూ కూర్చున్నారు.

భారత జట్టు 102 పరుగులకే ఆరు వికెట్లు పోగొట్టుకుంది. మా వాళ్ళ ముఖాలు వాడిపోయాయి. 35వ ఓవరు నడుస్తుండగా సంచి మోసే అమ్మాయి, ఇంకొక అబ్బాయి లేచి వెళ్ళి నీళ్ళు, అప్పుడే వేయించిన పేలాలు తెచ్చారు. పావుగంట కూడా పట్టలేదు. వాళ్ళు తిరిగొచ్చి కూర్చున్నాక రిచా ఘోష్ విరుచుకుపడింది. 94 పరుగులు! విరామంలో వెళ్దామని ఆగి ఉంటే అరగంట వరసలో గడిచేది. నలభయ్యో ఓవరు దాటాక వెళ్ళి ఉంటే ఆ ఆట తప్పిపోయేది. 251 పరుగులకు ఇన్నింగ్స్ ముగిసి జనమంతా లేచినప్పుడు మేము కాళ్ళు చాపుకుని కూర్చున్నాం. చివరికి దక్షిణాఫ్రికా మూడు వికెట్ల తేడాతో గెలిచింది. రైల్లో తిరిగొస్తూ పిల్లలు దిగులుపడ్డారు గాని, నవంబరు 2న అదే దక్షిణాఫ్రికాను ఓడించి మన అమ్మాయిలు ప్రపంచ కప్ గెలిచినప్పుడు, "మేము చూసొచ్చిన జట్లే అయ్యగారూ" అని తిరువూరంతా చెప్పుకు తిరిగారు.

మామిడి కోతకు వెళ్ళే ఆ కుర్రవాడు ఇప్పుడు పెళ్ళి చేసుకుని గృహస్థుడయ్యాడు. విశాఖకు వాడూ వచ్చాడు, భార్యతో. ముందు రోజు కూడికలో ఇద్దరూ చెరొక కవరు తెచ్చి ఇచ్చారు.

షుగరున్న మా పెద్దాయన రాలేదు. "అంత దూరం నా వల్ల కాదు, టీవీలో చూస్తాను" అన్నారు. కానీ ఆయన చొక్కా జేబులో గ్లూకోజు బిళ్ళల డబ్బా మాత్రం ఆ రోజు నుంచీ ఉంటోంది. ఆదివారం ప్రార్థనలో మోకరించినప్పుడల్లా అది గలగలమంటుంది. వెనక వరస పిల్లలు నవ్వుతారు. ఆయన కళ్ళు తెరవకుండానే ఒక చెయ్యి జేబు మీద పెట్టుకుంటారు.